వాల్వుకు ముఖం ఎటు?

మా మావగారికి కొత్తవలసలో హార్డ్‌వేర్ షాపు ఉంది. పైపులు, కుళాయిలు, వాల్వులు, మేకులు, రంగు డబ్బాలు, బావి తాళ్ల దగ్గర నుంచి బాత్‌రూమ్ అద్దాల దాకా అన్నీ అందులో దొరుకుతాయి. నేను పొద్దున్నే పాసింజరెక్కి విజయనగరం వెళ్లి, ఆయన అమ్మే ఆ పైపుల్నీ వాల్వుల్నీ కంప్యూటర్లో బొమ్మలుగా గీసి, సాయంత్రం ఇంటికొస్తాను. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకే సరుకు మీద బతుకన్నమాట. ఈ సంగతి మావగారికి భలే నవ్వులాటగా ఉండేది.

"నువ్వు గీసిన వాల్వు తిప్పితే నీల్లొస్తాయేటమ్మా?" అనేవారు, షాపులో నలుగురూ ఉన్నప్పుడు చూసి మరీ.

"మీరమ్మిన వాల్వు తిప్పినా రావట్నేదని నిన్న ఒకాయన తగువాడీసి ఎల్లినాడు గదా మావయ్యా" అనేదాన్ని నేను.

నాకు నోరు కొంచెం ఎక్కువ. పెళ్లయిన కొత్తలో దాచుకునేదాన్ని. పిల్లలు పుట్టాక దాచుకునే ఓపిక పోయింది. మావగారు నవ్వేసి, "సూసినారా, ఇదీ మా కోడలు" అని వచ్చినవాళ్లకు చూపించేవారు. మా ఆయన సరుకు కోసం విశాఖపట్నం తిరుగుతుంటాడు కాబట్టి ఈ వాదాల్లో ఆయనకు భాగం లేదు.

నేను డిప్లొమాలో డ్రాఫ్టింగ్ చదివాను. తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, వాళ్ల జ్వరాలు, వాళ్ల బళ్లు. చాలా ఏళ్లపాటు నేను గీసిన గీతలన్నీ వాకిట్లో ముగ్గులే. చిన్నది బడికి వెళ్లడం మొదలుపెట్టాక, విజయనగరంలో కోట దగ్గర మందుల షాపు మేడ మీద ఉన్న ఒక చిన్న డ్రాయింగ్ ఆఫీసులో చేరాను. మొదటి రోజు తెర మీద గీత ఒకటి లాగి, దాని కొసన క్లిక్ చేసి ఆపినప్పుడు ఏడుపొచ్చినంత పనైంది. సంతోషంతోనే. ఆ కుర్చీ అంటే నాకు ఎంత ఇష్టమో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే దాని మీద కూడా ఒక జోకు పుడుతుందని భయం.

ఆఫీసులో ఉండేది సారు, అక్క, నేను. సారు ఆఫీసు పెట్టినాయన. నెమ్మదస్తుడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే టీ తాగొస్తానని కిందికి దిగిపోతాడు. అక్క అంటే సొంత అక్క కాదు, నా పక్క కుర్చీ ఆవిడ. గరివిడి వైపు నుంచి వస్తుంది. వాళ్ల తాతల కాలం నుంచి బాప్టిస్టు మిషన్ చర్చివాళ్లు. ఆదివారం చర్చిలో పాడి పాడి సోమవారం బొంగురు గొంతుతో వచ్చేది. నన్ను "సెల్లీ" అని పిలిచేది, కోపమొస్తే "ఒలే" అనేది. నాకు రెండో పిలుపే ఎక్కువ అలవాటు.

ఇలా ఉండగా ఒక ఫ్యాక్టరీ వాళ్లు సారును పిలిపించారు. వాళ్ల కొలిమిని చల్లబరిచే నీళ్ల పైపులన్నీ ఎన్నోసార్లు మార్చి, అతికించి, పెంచేశారట. ఏ పైపు ఎటు పోతోందో చూపించే సరైన డ్రాయింగు లేదట. ముందుగా మచ్చుకు ఒక్క పంపు హౌసు గీసి చూపించండి, నచ్చితే ఫ్యాక్టరీ మొత్తం మీకే ఇస్తాం అన్నారు. ఆ పని రాకపోతే తన వల్ల కాదని, మేడకు తాళం వేసి విశాఖపట్నంలో ఏదైనా కంపెనీలో చేరిపోతానని సారు మాతో నిజాయితీగానే చెప్పాడు.

ఆ సాయంత్రం ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మావగారు అన్నం కలుపుతూ అంతా విన్నారు.

"అయితే సరే. ఈ పని కుదిరిందా, ఎల్లు. నాను మల్లీ మాటాడను. కుదరకపోతే మాత్రం వచ్చి షాపులో నా పక్కన కూకో. స్టూలు కూడా తెప్పించీసినాను" అన్నారు.

"స్టూలు కూడానా?"

"మెత్తటిదేలే."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను, ఆఫీసే లేకపోతే వెళ్లడానికి ఇంకెక్కడుంది. మర్నాడు షాపు ముందు నుంచి స్టేషనుకు పోతుంటే గల్లాపెట్టె పక్కన ఆ స్టూలు కనిపించింది. ఎర్ర రెగ్జిన్ సీటు, కవరు కూడా విప్పలేదు. దాన్ని చూస్తే ఒళ్లు మండింది.

ఫ్యాక్టరీ పనిలో నా వంతు సింబల్స్ తయారు చేయడం. ఇది కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన గొడవ అర్థం కాదు. పైపుల డ్రాయింగులో వాల్వును వాల్వులా గీయరు. దానికో గుర్తు ఉంటుంది. రెండు త్రిభుజాలు కొసలు కలుపుకుని అచ్చం డమరుకంలా ఉంటాయి. మధ్యలోంచి ఒక పుల్ల, దాని మీద అడ్డగీత. ఆ అడ్డగీతే తిప్పే చక్రం. కాగితం మీద గీసే రోజుల్లో ఆ డమరుకం ఒక్కటి వస్తే చాలు. మా సాఫ్ట్‌వేర్ అంతటితో ఊరుకోదు. ఈ వాల్వు పై నుంచి చూస్తే ఎలా ఉంటుంది, ఫ్రంట్ నుంచి చూస్తే ఎలా ఉంటుంది, కుడి నుంచి ఎలా, ఎడమ నుంచి ఎలా అని ఒక్కో వైపుకు ఒక్కో బొమ్మ అడుగుతుంది. ఆ బొమ్మనే మేం వ్యూ అంటాం. వ్యూ గీసి, అది ఏ వైపు నుంచి చూసినప్పటిదో ఆ గడిలో టిక్కు పెట్టాలి. ఒకసారి అన్నీ సరిగ్గా అమరిస్తే, ఆ తర్వాత పైపు ఎటు తిరిగినా మనం ఎటు నుంచి చూసినా ప్రోగ్రామే తగిన బొమ్మ తెచ్చి పెడుతుంది. పైపుకు అడ్డంగా నిలబడి చూస్తే డమరుకం, పైపు కొస వైపు నుంచి చూస్తే గుండ్రం. టిక్కు తప్పితే ఎదురుగా వచ్చిన చుట్టానికి వీపు చూపించినట్టు ఉంటుంది.

వాల్వులన్నీ నాకు వచ్చాయి. పంపులు, మీటర్లు అక్కకు వచ్చాయి.

వస్తువును కళ్లారా చూడకుండా గీయడం నాకు చేతకాదు. అందుకని షాపుకు వెళ్లి, "మావయ్యా, అంగుళం గేట్ వాల్వు ఒకటి ఇయ్యండి. సూసి గీసుకుని తెచ్చీస్తాను" అన్నాను. ఆయన ఒక అట్టపెట్టెలో చెయ్యి పెట్టి, ఒకటి తీసి, వెలుతురుకు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో తడిమి నా చేతిలో పెట్టారు.

"ఇది ముప్పావు మావయ్యా."

"ముప్పావైతే ఏటయిపోయింది? బొమ్మే గదా, సాగదీసుకో."

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి మా సింబల్స్‌కు సైజుతో పనిలేదు కూడా. అంగుళమైనా ముప్పావైనా అదే డమరుకం.

ఆ ముప్పావు వాల్వును తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టాను. అది శుక్రవారం. నేను స్నానం చేసి వచ్చేసరికి మా అత్తగారు దానికి పసుపు రాసి కుంకం బొట్టు పెట్టేశారు.

"ఇదేటి అత్తయ్యా?"

"కొత్త ఇత్తడి ఇంటికొచ్చినాది. బొట్టు నేకుండా ఉంచుతారేటి?"

బొట్టు పెట్టిన చోటు కూడా ఏదో ఒక చోటు కాదు. కంపెనీ అక్షరాలు పొంగి ఉన్న వైపు, సరిగ్గా మధ్యలో పెట్టారు. పెట్టి, ఆ బొట్టు గుమ్మం వైపు చూసేలా తిప్పారు. మా గుమ్మం తూర్పు. మా షాపు గుమ్మం తూర్పు. మా షాపులో దేవుడి పటం, తూకం రాళ్లు, కొత్త తాళాల పెట్టె, ఏది పెట్టినా ముఖం తూర్పుకే పెడతారు. పడమటి వైపు తిప్పి ఉన్న రంగు డబ్బా ఒక్కటి కనిపించినా మావగారు లేచి సరిచేసి కూర్చుంటారు. అందువల్ల బొట్టు పెట్టుకుని తూర్పుకు చూస్తున్న వాల్వు నాకు ఎంత మాత్రం వింతగా అనిపించలేదు. దానికి ముఖం అదే. ఫ్రంట్ అంటే అదే.

గుమ్మానికి వీపు పెట్టి, వాల్వుకు ఎదురుగా కూర్చుని చూశాను. డమరుకం. స్కెచ్ వేసుకుని, ఆఫీసులో దాన్ని గీసి ఫ్రంట్ గడిలో టిక్కు పెట్టాను. పక్క నుంచి చూస్తే గుండ్రం. దాన్ని కుడి, ఎడమ గడుల్లో పెట్టాను. లేచి నిలబడి పై నుంచి చూసినదాన్ని, అందరిలాగే ఉత్తరం కాగితం పైవైపు ఉండేలా గీసి పెట్టాను. రకరకాల వాల్వులు, అన్నీ ఇదే వరసలో ముగించేసి, నా అంత పనిమంతురాలు లేదనుకుని అక్క కన్నా ముందే చేతులు దులుపుకున్నాను.

ఫ్యాక్టరీ వాళ్లకు చూపించడానికి ముందు రోజు ఇద్దరి సింబల్సూ ఒకచోట చేర్చి పంపు హౌసు మొత్తం తెరిచాం. పై నుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. పైపుల బారునా నా డమరుకాలు ముత్యాల్లా కూర్చుని ఉన్నాయి. సారు ముఖం వెలిగింది. "ఒకసారి ఫ్రంట్ వ్యూ పెట్టమ్మా" అన్నాడు.

పెట్టాను. అక్క పంపులు నీటుగా నిలబడ్డాయి. నా వాల్వులకు మాత్రం పిచ్చెక్కింది. అడ్డంగా సాగిపోయే పైపు మీద డమరుకాలు ఉండాల్సిన చోట గుండ్రాలు ఉన్నాయి. పైపు నేరుగా మన మీదికి వచ్చే చోట గుండ్రం ఉండాలి గదా, అక్కడ డమరుకాలు అడ్డంగా పడుకుని ఉన్నాయి.

"నీ పంపులు తిరగబడిపోయినాయక్కా" అన్నాను వెంటనే.

"నా పంపులేటి? నీ వాల్వులు సూడు ఎలాగున్నాయో!"

"నా వాల్వులు బొట్టెట్టి మరీ గీసినాను!"

"బొట్టెడితే సరిపోద్దేటి, బుర్ర ఎట్టాల!"

సారు టీకి దిగిపోయాడు.

మధ్యాహ్నం దాకా నేను నా గీతలన్నీ మళ్లీ చూసుకున్నాను. ఒక్క తప్పు లేదు. అక్క తనవి చూసుకుంది. అక్కడా తప్పు లేదు. ఇద్దరివీ ఒప్పైతే తెర మీద ఆ తిక్క ఎందుకు? ఆ పూట నాకు నిజంగా భయం వేసింది. మరో పూట ఇలాగే గడిస్తే మర్నాడు చూపించడానికి ఏమీ ఉండదు. ఎర్ర రెగ్జిన్ సీటు పదేపదే గుర్తొచ్చింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. కోపంలో అక్కతో మాట్లాడ్డం మానేశాను.

రోజూ కిటికీ దగ్గర కలిసి తింటాం. శాకాహారిని కాబట్టి నేను ఈ కొసన, ఎండు రొయ్యలేసిన వంకాయ కూరతో ఆవిడ ఆ కొసన, మధ్యలో ఇద్దరికీ పనికొచ్చే ఆవకాయ. ఆ రోజు మాత్రం వీపులు తిప్పుకుని తిన్నాం. ఆవకాయ సీసా కోసం ఇద్దరం ఒకేసారి చెయ్యి చాచాల్సి వచ్చింది. అక్కడ అక్క నవ్వేసింది.

"సరే ఒలే, తగువు తరవాత. ఒక్క మాట సెప్పు. ఫ్రంటంటే నీ లెక్కలో ఏటి?"

"అదేటి పెశ్న? గుమ్మం వేపు."

"నా లెక్కలోనూ అదే."

"మరింకేటి?"

అక్క ముద్ద మధ్యలో ఆపింది. "మీ గుమ్మం ఎటు?"

"తూరుపు. ఎవులికైనా తూరుపే గదా."

"మాది దచ్చినం."

పుట్టి బుద్ధెరిగాక దక్షిణం గుమ్మం ఇంట్లో ఉండే మనిషిని నేను చూడలేదు. అంటే పక్కనే కూర్చోబెట్టుకుని ఇంత కాలం ఆవకాయ పంచుకున్నా నాకు తెలియలేదు.

"దచ్చినం గుమ్మమా? యముడి దిక్కు గదక్కా! ఎలాగుంటన్నారు?"

"ఎలాగుంటాం? మా లైనంతా దచ్చినమే. చర్చి అటే ఉన్నాది. గాలి సుబ్బరంగా వస్తాది. ఒకపాలి వొచ్చి పడుకుని సూడు, మీ తూరుపింటికి మల్లీ ఎల్లవు."

కడుపుబ్బ నవ్వుకున్నాం. ఎంగిలి చేతులతోనే తెర ముందుకు పరుగెత్తాం. తెర మూలన ఎప్పుడూ ఒక చిన్న పెట్టె బొమ్మ ఉంటుంది, చుట్టూ దిక్కుల అక్షరాలతో. దాన్ని పట్టుకుని తిప్పితే డ్రాయింగంతా తిరుగుతుంది. చేరిన రోజు నుంచీ అది అక్కడే ఉంది. ఫ్రంట్ అని రాసి ఉన్న ముఖం ఏ దిక్కుకు చూస్తోందో ఇన్నాళ్లూ ఇద్దరం చూడలేదు. చూస్తే, దక్షిణం. సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాడెవడో మా అత్తగారిని అడగలేదు.

అక్క చేతులు జోడించి, "స్తోత్రం" అంది.

తప్పు దొరికాక దిద్దడం కష్టం కాదు. ఒక్కో వాల్వు తెరిచి, ఫ్రంట్ గడిలో ఉన్న డమరుకాన్ని కుడి, ఎడమలకు, అక్కడున్న గుండ్రాన్ని ఫ్రంట్‌కు మార్చుకుంటూ పోయాను. అటు వెనక వ్యూలు కూడా, ఎవరూ చూడరని నేను వదిలేసినవి, అక్క దగ్గర కూర్చుని పెట్టించింది. "వీపు ఎవులికి కావాల?" అంటే, "ఉండనీ, ఎవులు ఎటునుంచి సూస్తారో ఏటో" అంది. సాయంత్రం బండి టైముకు ఫ్రంట్ వ్యూలో ప్రతి డమరుకం తన చోట తను కూర్చుంది.

మర్నాడు ముగ్గురం ఫ్యాక్టరీకి వెళ్లాం. అక్కడ డ్రాయింగులు చూసే పెద్ద ఇంజినీరు రిటైరుమెంటుకు దగ్గరగా ఉన్న మనిషి. నవ్వరు, తల ఊపరు. సారు గొంతు సవరించుకుని గోడ మీద తెర వేసి, మా ఫ్రంట్ వ్యూ చూపించాడు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"ఇదేటండీ, ఎనకాల నుంచి గీసినారు?" అన్నారు.

సారు ముఖం పాలిపోయింది. తల తిప్పి టీ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తున్నట్టు తలుపు వైపు చూశాడు. నాకు మాత్రం నిన్నటి ఆవకాయ సీసా గుర్తొచ్చింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మీకు ఫ్రంటంటే ఎటండీ?"

ఆయన నా వైపు వింతగా చూశారు. "గేటు వేపు. ఉత్తరం. ఇటు దచ్చినం పక్కంతా చెరువమ్మా, అటు మనిషనేవాడు ఎల్లడు. మా కుర్రోల్లంతా గేటు వేపు నుంచే పంపు హౌసులోకి ఎల్తారు."

"ఒక్క నిమిషం ఆగండి" అని పెట్టెను పట్టుకుని ఉత్తరానికి తిప్పాను. వెనక వ్యూలన్నీ తెర మీదికి వచ్చాయి. పంపులు అటు తిరిగాయి, డమరుకాలు పైపుల మీద సరిగ్గా కూర్చున్నాయి. అక్క నా వీపు మీద వేలితో పొడిచింది. ఆయన కొలిమి వైపు నుంచి చూపించమన్నారు, చూపించాను. మెట్ల వైపు నుంచి అన్నారు, అదీ చూపించాను. ఎటు తిప్పినా ఒక్క వాల్వు కూడా తిక్క చూపించలేదు.

"ఇంతకు ముందు గీసినోల్లు ఎవులూ నన్ను ఈ మాట అడగనేదు" అన్నారు చివరికి. "మా కుర్రోల్లు కాయితాన్ని తల్లకిందులు పట్టుకుని సూస్తన్నారు. ప్రెతి కాయితం మీదా గేటు ఎటుందో బాణం గుర్తు ఎయ్యండి. పని మొదలెట్టీండి."

అప్పుడు కూడా ఆయన నవ్వలేదు. మేమే నవ్వుకున్నాం, బయటికొచ్చి, సారు తాగించిన టీ తాగుతూ.

తిరుగు బండిలో కొత్తవలస దాకా మావగారితో ఏం అనాలో తయారు చేసుకున్నాను. "ఆ స్టూలు ఎనక్కిచ్చీండి మావయ్యా, కవరు కూడా ఇప్పలేదు గదా" అని మొదలుపెట్టాలి. ఎంత గట్టిగా అనాలో కూడా అనుకున్నాను. స్టేషను నుంచి నేరుగా షాపుకే వెళ్లాను.

షాపులో ఒకాయన పైపు మలుపు తిరిగే చోట వేసే ఎల్బో ఒకటి బల్ల మీద పెట్టి, "ముప్పావు అడిగితే అర అంగులం ఇచ్చినారు, మేస్త్రీ తిట్టి పంపించినాడు" అంటున్నాడు. మావగారు కంపెనీ వాడి ప్యాకింగును తిడుతూ ఇంకో పెట్టె తెరిచారు. ఒక ఎల్బో తీసి వెలుతురుకు పట్టుకున్నారు. తర్వాత దాని మీద పొంగి ఉన్న అంకెను బొటనవేలితో తడిమారు. ఒకసారి తడిమి, చాలక మళ్లీ తడిమారు.

ఆ బొటనవేలిని నేను అంతకు ముందు కూడా చూశాను. వాల్వు ఇచ్చిన రోజు చూశాను, ఆయన ఏ వస్తువు తీసినా చూస్తూనే ఉన్నాను. అది ఆయన అలవాటనుకున్నాను. ఆ రోజు మాత్రం అది అలవాటు కాదనిపించింది.

వచ్చినాయన వెళ్లాక నేను అనుకున్నదేదీ అనలేదు. పక్కన స్టూలు మీద, కవరు మీదే, కూర్చున్నాను.

"మావయ్యా, మీకు నాను షాపులో ఎందుకు కావాల?"

"ఎందుకేటి? ఎండలో బండిలో పడి..."

"అది కాదు. నిజం సెప్పండి."

ఆయన వీధి వైపు చూశారు. మాట తేలిక చెయ్యడానికి ఏదో జోకు వెతుకుతున్నారని తెలుస్తూనే ఉంది. దొరకలేదు.

"అచ్చరాలు అలికీసినట్టు అవుపిస్తన్నాయమ్మా. అబ్బాయితో అంటే షాపు మూసీసి ఇంట్లో కూకోమంటాడు. నువ్వైతే నవ్వీసి, సైజు సదివి సెప్పీస్తావని" అన్నారు.

నా కుర్చీ లాక్కోవడానికి స్టూలు తెప్పించారనుకుని ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకుంటూ పోయాను. ఆయనకు కావలసింది చదివి పెట్టే రెండు కళ్లు. ఫ్యాక్టరీ పని మాకే వచ్చిందని మెల్లగా చెప్పాను. "మంచిదమ్మా, శానా మంచిది" అన్నారు. నిజంగానే సంతోషించారు. అది చూస్తే ఇంకా కష్టమనిపించింది.

ఆ ఆదివారం షాపు మూసి ఉండగా తాళం తీయించుకుని, ఆయన గల్లా దగ్గర కూర్చునే చోట, ఇక ఆయనకే అనుకుని ఆ ఎర్ర స్టూలు వేసి, దాని మీద నేను కూర్చున్నాను. అక్కడి నుంచి అరల్లో ఏ పెట్టె ఎలా కనిపిస్తుందో చూసుకున్నాను. తర్వాత సారును అడిగి, ఆఫీసులో పెద్ద కాగితాల మీద మా షాపు సింబల్స్ గీసి అచ్చు తీశాను. ఆఫీసు సింబల్‌కు సైజు ఉండదు. ఇక్కడ సైజే అసలు పని. అందుకని నియమం పక్కన పెట్టి అర అంగుళం డమరుకం చిన్నది, ముప్పావుది దాని కన్నా పెద్దది, అంగుళందైతే అరచెయ్యంత గీశాను. నల్లటి లావు గీతలతో గీశాను. ఎల్బోలను పై నుంచి కాకుండా, పెట్టెలో పడి ఉన్నప్పుడు ఆ స్టూలు మీది మనిషికి ఎలా వంగి కనిపిస్తాయో అలాగే గీశాను. అక్క ఒక పూట నాతో ఉండిపోయి రంగులు వేసింది. కుళాయిలకు తను వేసిన నీలం నాకు నచ్చలేదు. దాని మీద కొంచెం తగువాడుకున్నాం.

పెట్టెలకు అంటిస్తుంటే మా అత్తగారు వచ్చి ఒక్కో బొమ్మ మూలనా చిన్న బొట్టు పెట్టుకుంటూ పోయారు. ఈసారి ఎందుకని అడగలేదు. బొట్టు ఎటు ఉందో మాత్రం చూసుకున్నాను.

మావగారు వచ్చి కళ్లు చికిలించి అంతా చూశారు. "ఏటమ్మా, నా షాపు ఎల్కేజీ బడి సేసీసినావు?" అన్నారు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "సూద్దాం" అన్నారు. ఆ తర్వాత అక్కే, వాళ్ల చర్చికి కళ్ల క్యాంపు వస్తోందని చెప్పి ఒప్పించి తీసుకెళ్లింది. కొత్త కళ్లజోడు వచ్చాక కూడా ఆయన బొమ్మలు పీకనివ్వలేదు.

బొమ్మలు అంటించిన మర్నాడు పొద్దున్న స్టేషనుకు పోతూ షాపు ముందు ఆగాను. ఒకాయన వచ్చి ముప్పావు గేట్ వాల్వు అడిగాడు. మావగారు స్టూలు మీద నుంచి లేవకుండానే అరల వైపు చూసి, చెయ్యి చాచి, సరైన పెట్టె లాగారు. వెలుతురుకు పట్టుకోలేదు, వేలితో తడమలేదు. వాల్వు బల్ల మీద పెట్టేసి నా వైపు తిరిగారు.

"ఇంకా ఇక్కడేటి సేస్తన్నావు? నీ పాసింజరు ఎల్లిపోతాది, పరిగెత్తు!"

కళ్లు తుడుచుకుంటూనే పరిగెత్తాను. బండి దొరికింది.